హైదరాబాద్ ఎండకి చిక్కటి ఆయిలే పోయాలా?

స్పోర్ట్స్ కారుకి ఏ ఇంజన్ ఆయిల్ పోయాలని ఎవరు అడిగినా నేను తిరిగి రెండు ప్రశ్నలు వేస్తాను. కారుతో వచ్చిన పుస్తకంలో ఏ అప్రూవల్ కోడ్, అంటే ఏ ఆయిల్ వాడొచ్చో కారు కంపెనీ చెప్పే గుర్తు, రాశారు? కారు రోజూ ఎక్కడ, ఎంతసేపు తిరుగుతుంది? బ్రాండు, రేటు, ఫలానా రేసు టీం ఇదే వాడుతుందట అనే మాట, ఇవన్నీ తర్వాతి సంగతులు.

ఇప్పుడు ఇది రాయడానికి కారణం మా బావ. అక్కా వాళ్లు కోకాపేటలో ఉంటారు. బావకి కాలేజీ రోజుల నుంచీ పోర్షే పిచ్చి. పోయినేడు 2014 మోడల్ కేమన్ ఎస్ సెకండ్ హ్యాండ్‌లో దొరికితే కొనేశారు. 3.4 లీటర్ల ఇంజన్, ఆరు సిలిండర్లు, సీట్ల వెనకే కూర్చుని 7,000 ఆర్‌పీఎం దాటినా హాయిగా తిరుగుతుంది. మా నాన్నది రాణిగంజ్‌లో ల్యూబ్రికెంట్ల షాపు. ఆ కౌంటర్ వెనక హోంవర్క్ చేసుకుంటూ పెరిగిన దాన్ని, ఇప్పుడు కొనుగోళ్లు, లెక్కలు నేనే చూస్తున్నాను. అందుకని ఆయిల్ ప్రశ్న నేరుగా మా దగ్గరికే వచ్చింది.

వచ్చేటప్పటికే బావ చేతిలో ఒక టిన్ను ఉంది. 10డబ్ల్యూ-60. ఎవరో ఫ్రెండ్ చెప్పాడట. (ఈ గ్రేడుల్లో డబ్ల్యూ ముందు అంకె చలిలో, వెనక అంకె వేడిలో ఆయిల్ ఎంత చిక్కగా ఉంటుందో చెప్తాయి. అంకె పెద్దదైతే ఆయిల్ చిక్కన.)

"మేలో మన దగ్గర నలభై రెండు కొడ్తది గదా మామయ్యా. ఇంత ఎండకి పల్చటి ఆయిల్ నీళ్లయిపోదా? ఇదైతే రేసింగ్ ఆయిల్ అంట."

నాన్న టిన్ను అటూ ఇటూ తిప్పి, వెనక వైపు చిన్న అక్షరాలు చదివి, పక్కన పెట్టారు. "మంచి ఆయిలే అల్లుడూ. మీ బండిది మాత్రం కాదు."

షాపులో ఈ మాట వినని వారం ఉండదు. బుల్లెట్ నడిపేవాళ్ల నుంచి ఆడి ఆర్8 ఉన్నవాళ్ల దాకా అందరి మనసులోనూ ఒకటే లెక్క: వేడి ఎక్కువ, కాబట్టి ఆయిల్ చిక్కగా ఉండాలి. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఇంజన్ లోపల జరిగేది వేరు. థర్మోస్టాట్, రేడియేటర్లు, ఆయిల్ కూలర్ అన్నీ కలిసి వేడెక్కిన ఇంజన్‌లో ఆయిల్‌ని సుమారు 90 నుంచి 110 డిగ్రీల మధ్య ఉంచాలని చూస్తాయి. బయట ఎండ ఇరవై డిగ్రీలు పెరిగినంత మాత్రాన ఆయిల్ ఇరవై డిగ్రీలు పెరగదు. జర్మనీలో ఆటోబాన్ మీద గంటకి 250 కిలోమీటర్ల వేగంతో పోయే కేమన్‌లో ఆయిల్ పడే కష్టం, మే నెలలో బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర ఆగి ఉన్న కేమన్‌లో ఆయిల్ పడే కష్టం కంటే ఎక్కువ. ఆ ఆటోబాన్‌ని లెక్కలో పెట్టుకునే పోర్షే వాళ్లు ఈ కారుకి 0డబ్ల్యూ-40, 5డబ్ల్యూ-40 రాశారు.

మరి ఆ 10డబ్ల్యూ-60 ఎవరి కోసం? బీఎండబ్ల్యూ ఎం విభాగం చేసిన కొన్ని ఇంజన్ల కోసం. 2000లో వచ్చిన ఎం3లోని ఎస్54, ఆ తర్వాత ఎం5లోని వీ10 లాంటివి. 8,000 ఆర్‌పీఎం చుట్టుపక్కల తిరిగే ఆ ఇంజన్లకి కంపెనీయే ఆ గ్రేడు రాసింది. అక్కడి నుంచి ఆ అంకెకి రేసింగ్ పేరు వచ్చి, సంబంధం లేని కార్లలోకి కూడా వెళ్లిపోయింది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ ఇంజన్లలో కనెక్టింగ్ రాడ్ బేరింగులు ముందే అరిగిపోయే సమస్య ఎం కార్లు నడిపే వాళ్లందరికీ తెలిసిందే. అంత చిక్కటి ఆయిల్ ఉన్నా అది ఆగలేదు.

బావ నమ్మలేదని ముఖంలోనే తెలుస్తోంది. అప్పుడు నాన్న తన పాత పద్ధతి చూపించారు. మా పక్క షాపు బేరింగులది. అక్కడి నుంచి రెండు చిన్న స్టీలు బాల్స్ తెప్పించారు, పెసర గింజ కంటే చిన్నవి. రెండు పొడుగాటి గాజు సీసాల్లో ఒకదాంట్లో 0డబ్ల్యూ-40, ఇంకోదాంట్లో బావ తెచ్చిన 10డబ్ల్యూ-60 పోసి కౌంటర్ మీద పెట్టారు. జనవరి పొద్దున, షట్టర్ అప్పుడే తీశాం, షాపంతా చల్లగా ఉంది. రెండు బాల్స్‌నీ ఒకేసారి వదిలారు. మొదటి సీసాలోది అడుక్కి చేరి టక్కుమంది. రెండోది ఇంకా సగం కూడా దిగలేదు. బావ వంగి, సీసాకి ముక్కు ఆనించి మరీ చూశారు. మళ్లీ చేయమన్నారు. మళ్లీ అంతే.

"పొద్దున్నే సెల్ఫ్ కొట్టంగనే ఆయిల్ పైకి పోవాలె గదా. ఇది పోయినట్టు అది పోదు," అన్నారు నాన్న.

కాగితం మీద అంకెలు కూడా అదే చెప్తాయి. ఆయిల్ గ్రేడులు నిర్ణయించే ఎస్‌ఏఈ జే300 పట్టిక ప్రకారం 40 గ్రేడు (వెనక అంకె 40) అంటే 100 డిగ్రీల దగ్గర చిక్కదనం 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలిచే యూనిట్) లోపు ఉండాలి. 60 గ్రేడు అంటే 21.9 నుంచి 26.1 లోపు. ఇది ఇంజన్ పూర్తిగా వేడెక్కాక. చల్లగా ఉన్నప్పుడు తేడా ఇంకా పెరుగుతుంది. 40 డిగ్రీల దగ్గర మామూలు 0డబ్ల్యూ-40 ఆయిల్ సుమారు 75 ఉంటే, 10డబ్ల్యూ-60 సుమారు 160 దాకా ఉంటుంది. ఇంజన్ అరుగుదలలో పెద్ద వాటా చల్లగా స్టార్ట్ చేసినప్పటి నుంచి వేడెక్కే లోపే అంటారు. రాత్రంతా కిందికి జారిపోయిన ఆయిల్ మళ్లీ బేరింగుల దాకా, వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్ట్ దాకా చేరేంత వరకూ పాత పలుచటి పొర మీదే లోహం తిరుగుతుంది.

"మన ఊళ్లో మైనస్ డిగ్రీలు లేవు కదా, 0డబ్ల్యూ ఎందుకు" అని చాలామంది అడుగుతారు. నిజమే, జనవరిలో పటాన్‌చెరు వైపు పది డిగ్రీల లోపు పడితేనే మనకి అది వార్త. 0డబ్ల్యూకి పెట్టే పరీక్షలు మైనస్ 35, మైనస్ 40 డిగ్రీల దగ్గర. 5డబ్ల్యూకి మైనస్ 30, మైనస్ 35. ఆ చలి మనం చూడం. కానీ మన పాతిక డిగ్రీల పొద్దున కూడా ఇంజన్ లెక్కలో చలే. ఆ వేడి దగ్గర 0డబ్ల్యూ-40 కూడా 100 డిగ్రీల దగ్గర ఉన్నదానికి సుమారు పదింతలు చిక్కగా ఉంటుంది. మరీ పల్చన అని బావ భయపడిన ఆయిల్ సంగతి ఇది. అయినా మన ఊరికి 0డబ్ల్యూ-40, 5డబ్ల్యూ-40 రెండూ సరిపోతాయి. వేడికీ చలికీ మధ్య ఎక్కువ దూరం సాగాల్సిన ఆయిల్‌లో వేడికి పల్చబడకుండా ఆపే పాలిమర్లు ఎక్కువ కలపాల్సి రావచ్చు, అవి గేర్ల మధ్య, బేరింగుల మధ్య నలిగి తెగితే ఆయిల్ పల్చబడుతుంది. ఆ లెక్కన 5డబ్ల్యూ-40కి కొంచెం మొగ్గు ఉంది. మరోవైపు 0డబ్ల్యూ చేయాలంటే మంచి బేస్ ఆయిల్, అంటే మిగతావి కలపక ముందు ఉండే మూల నూనె, వాడక తప్పదు. రెండింటికీ పోర్షే అప్రూవల్ ఉంటే నేను ఏది అసలు సరుకుగా దొరికితే అదే తీసుకుంటాను.

ఇక్కడ ప్రెషర్ గురించి ఒక మాట. కేమన్‌లో డయల్ పక్కన చిన్న స్క్రీన్ మీద ఆయిల్ ప్రెషర్, ఆయిల్ టెంపరేచర్ రెండూ కనిపిస్తాయి. చిక్కటి ఆయిల్ పోసిన వెంటనే ప్రెషర్ పెరుగుతుంది, ఓనరుకి సంతోషం వేస్తుంది. కానీ ప్రెషర్ పెరగడం అంటే ఆయిల్ పోవడానికి అడ్డు పెరిగిందని. బేరింగుకి కావాల్సింది నిమిషానికి ఎంత ఆయిల్ అందుతోంది అనేది. ఆ ఆయిలే అక్కడి వేడిని కూడా మోసుకుపోవాలి. మరీ చిక్కగా ఉంటే పంపు దగ్గరి వాల్వు తెరుచుకుని కొంత ఆయిల్ చుట్టు తిరిగి వెనక్కే పోతుంది. పైగా చిక్కటి ఆయిల్ తనలో తాను రాపిడి పడి ఇంకా వేడెక్కుతుంది. అంటే వేడికి భయపడి పోసిన ఆయిలే వేడి పెంచుతుంది.

నిస్సాన్ జీటీ-ఆర్ 2016లో మన దేశానికి వచ్చింది. రెండు టర్బోలు, 500 హార్స్‌పవర్ పైనే. దానికి ఫ్యాక్టరీ ఆయిల్ 0డబ్ల్యూ-40. ఇది చెప్పాక బావ వాదన కొంచెం మెత్తబడింది. ఎందుకంటే జీటీ-ఆర్ అంటే ఆయనకి గౌరవం.

అలాగని పల్చన అయితే చాలు అని కూడా కాదు. స్పోర్ట్స్ కారుకి అసలు చూడాల్సిన అంకె ఒకటి ఉంది, టిన్ను మీద పెద్దక్షరాల్లో ఎప్పుడూ కనపడదు. దాన్ని హెచ్‌టీహెచ్‌ఎస్ అంటారు. 150 డిగ్రీల వేడిలో, బేరింగు లోపల ఉన్నంత గట్టి రాపిడిలో ఆయిల్ ఎంత చిక్కదనం నిలబెట్టుకుంటుందో కొలిచే పరీక్ష. మామూలు చిన్న కార్లకి వచ్చే కొత్త ఆయిల్స్‌లో ఇది 2.6 ఉన్నా నడుస్తుంది, పెట్రోలు ఆదా కోసం అలా చేస్తారు. 0డబ్ల్యూ-40, 5డబ్ల్యూ-40లకి కనీసం 3.5 ఉండాలి. యూరప్ కార్ల కంపెనీల సంఘం ఏసీఈఏ పెట్టిన కోడ్‌లలో ఏ3/బీ4, సీ3 రెండూ 3.5 అడుగుతాయి. అందుకే సీ3 రాసిన 5డబ్ల్యూ-30 ఆయిల్, 30 గ్రేడు అయినా, రాపిడిలో గట్టిగానే నిలబడుతుంది. గ్రేడు ఒక్కటే చూసి ఆయిల్‌ని కొలిచే వాళ్లకి ఇది తెలియదు.

పోర్షే ఏ40 అనే అప్రూవల్ ఈ 3.5 పైన ఇంకా చాలా అడుగుతుంది. ఆయిల్ కంపెనీ తన ఆయిల్‌ని పంపిస్తే, పోర్షే ఇంజన్‌లో పోసి, జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ రేస్ ట్రాక్ మీద తిరిగినట్టుగా బెంచ్ మీద గంటల తరబడి నడిపి, తర్వాత ఇంజన్ విప్పి అరుగుదల కొలుస్తారు. అది పాసయితేనే జాబితాలో పేరు. మా షాపులో నాకు బాగా నచ్చే పని టిన్నుల వెనక భాగం చదవడం. ఒక టిన్ను మీద "పోర్షే ఏ40 అప్రూవల్" అని ఉంటుంది. పక్క టిన్ను మీద "పోర్షే ఏ40 కోరే కార్లకి వాడొచ్చు" అన్న అర్థం వచ్చేలా ఉంటుంది. మొదటిది పోర్షే ఇచ్చిన మాట. రెండోది ఆయిల్ కంపెనీ తనకి తాను ఇచ్చుకున్న మాట. రెండో రకం ఆయిల్ చెడ్డదని నేననను, కొన్ని చాలా బాగుంటాయి. కానీ ఇంజన్ రిపేరుకి వస్తే ఒక మామూలు కారు ధర అయ్యే బండిలో నేను మొదటి రకమే పోస్తాను. రెండింటి రేటులో తేడా లీటరుకి కొన్ని వందలు. కేమన్‌కి ఏడు లీటర్ల పైచిలుకు పడుతుంది. ఆ తేడా కోసం తిప్పలు ఎందుకు?

"ఫుల్లీ సింథటిక్" అనే మాట మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. 1999లో అమెరికాలో రెండు పెద్ద ఆయిల్ కంపెనీల మధ్య వచ్చిన తగవులో, ముడి చమురు నుంచే గట్టిగా శుద్ధి చేసిన గ్రూప్ 3 బేస్ ఆయిల్‌ని కూడా సింథటిక్ అని అమ్ముకోవచ్చని తేలింది. అప్పటి నుంచి ఆ మాట చాలా ఆయిల్స్‌కి వర్తిస్తోంది. గ్రూప్ 3 చెడ్డదేం కాదు. అప్రూవల్ పరీక్ష బేస్ ఆయిల్ ఏదని చూడదు, ఇంజన్ బాగుందా లేదా అని చూస్తుంది. నేనూ అదే చూస్తాను.

నకిలీ సరుకు గురించి చెప్పకుండా ఈ పోస్టు పూర్తవదు. కష్టపడి సరైన కోడ్ ఎంచుకుని, నకిలీ ఆయిల్ ఇంటికి తెచ్చుకుంటే అంతా వృథా. ఖరీదైన ఆయిల్ ఖాళీ టిన్నులకి స్క్రాప్ మార్కెట్లో ఎందుకు గిరాకీ ఉంటుందో ఒకసారి ఆలోచించండి. అందులో మళ్లీ ఏదో ఒకటి పోసి, కొత్త మూత పెట్టి అమ్మేవాళ్లు ఉన్నారు. మా నాన్న షాపులో ఎవరి బండికైనా ఆయిల్ మార్చగానే ఒక పని చేస్తారు. ఖాళీ టిన్నుని నేల మీద పడుకోబెట్టి, స్క్రూడ్రైవర్ కొస లేబుల్ మధ్యలో పెట్టి, అరచేత్తో ఒక్క దెబ్బ. పక్కకి తిప్పి ఇంకో దెబ్బ. మూత మీద ఇంకోటి. ఆ తర్వాతే అది కబాడీ గోనెలోకి పోతుంది. ఆ స్క్రూడ్రైవర్ హ్యాండిల్ అరిగి నున్నగా అయిపోయింది. మీరు గ్యారేజ్‌లో ఆయిల్ మార్పిస్తే సీలు మీ కళ్ల ముందే తీయించండి, ఖాళీ టిన్నులు మీరే అడిగి తీసుకోండి, ఇంటికి తెచ్చి చిల్లులు పొడవండి. కొనేటప్పుడు మూత రింగు తెగి ఉందా, మూత మీది బ్యాచ్ నంబరూ టిన్ను మీది నంబరూ కలుస్తున్నాయా, లేబుల్ అంచులు లేచి ఉన్నాయా చూడండి. రేటు మార్కెట్ కంటే మరీ తక్కువగా చెప్తే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. మాలాంటి షాపులు ఎంత తగ్గించగలవో నాకు తెలుసు, ఆ మార్జిన్ పెద్దదేం కాదు.

కొత్త కార్ల వాళ్లకి ఒక జాగ్రత్త. ఈమధ్య వచ్చిన పెట్రోలు స్పోర్ట్స్ కార్లు కొన్నింటికి సైలెన్సర్ దారిలో పార్టిక్యులేట్ ఫిల్టర్ ఉంటుంది. వాటికి ఏ40 రకం ఆయిల్ పోస్తే, అందులో కాలి మిగిలే బూడిద ఆ ఫిల్టర్లో పేరుకుంటుంది. వాటి కోసం పోర్షే సీ40 అని వేరే కోడ్ పెట్టింది, అదీ 0డబ్ల్యూ-40యే. బూడిద తక్కువ. కాబట్టి "నా ఫ్రెండ్ కేమన్‌కి ఏ40 పోశాడు, నా కొత్త బండికీ అదే" అనుకోవద్దు. పుస్తకం తీయండి. తక్కువ బూడిద ఆయిల్స్ గురించి మన దేశంలో ఒకప్పుడు ఉన్న భయానికి కారణం కూడా ఉంది. పెట్రోల్‌లో సల్ఫర్ ఎక్కువ ఉంటే అది ఆమ్లంగా మారి, ఆ ఆయిల్స్‌లో తక్కువగా ఉండే క్షార శక్తిని త్వరగా తినేస్తుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 ఇంధనం వచ్చి సల్ఫర్ 50 నుంచి 10 పీపీఎంకి దిగింది. ఆ భయం ఇప్పుడు అక్కర్లేదు.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది హైదరాబాద్‌లో కారు బతికే తీరు. బావ ఆఫీసు నానక్‌రామ్‌గూడలో. ఇంటి నుంచి దగ్గరే. కారు కొన్న కొత్తలో రోజూ అందులోనే వెళ్లేవారు. పొద్దున స్టార్ట్ చేసి, సెల్లార్ ర్యాంప్ ఎక్కి, సిగ్నళ్ల దగ్గర ఆగుతూ, ఆఫీసు పార్కింగ్‌లో ఆపేసరికి నీళ్ల మీటరు మామూలుకి వచ్చేస్తుంది. ఆయిల్ మీటరు మాత్రం డెబ్భై కూడా దాటదు. నేను పక్క సీట్లో కూర్చుని చూశాను. కూలెంట్ (నీళ్ల) మీటరు నడుమకి వచ్చి నిలబడింది, ఇంజన్ వేడెక్కిపోయిందని బావ గట్టిగా తొక్కబోయారు. ఆయిల్ అప్పటికి 55. "బావా, ఆగండి, ఆయిల్ ఇంకా పచ్చిగానే ఉంది," అన్నాను. ఆయిల్ 80 దాటేదాకా 4,000 ఆర్‌పీఎం పైకి పోవద్దని అప్పుడే మాట తీసుకున్నాను. ఇప్పటికీ పాటిస్తున్నారు.

ఆయిల్ సరిగా వేడెక్కకపోతే జరిగేది మెల్లగా జరుగుతుంది. ఈ కారుది డైరెక్ట్ ఇంజెక్షన్, అంటే పెట్రోలు నేరుగా సిలిండర్ లోపలికే కొడుతుంది. చల్లటి ఇంజన్‌లోకి పెట్రోలు ఎక్కువ కొడుతుంది. కాలని పెట్రోలు సిలిండర్ గోడల వెంట జారి ఆయిల్‌లో కలుస్తుంది. కాలడంలో పుట్టిన నీటి ఆవిరి కూడా చల్లటి లోపలి గోడల మీద నీరై అక్కడికే చేరుతుంది. ఇప్పుడు మన బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది, నీళ్లు 100 దగ్గర. ఆయిల్ ఆ వేడికి చేరి కొంతసేపు అక్కడ ఉంటేనే ఇవి ఆవిరై బయటికి పోతాయి. రోజూ సగం వేడితో ఆగిపోయే కారులో అవి పోవు. అంటే హైదరాబాద్‌లో స్పోర్ట్స్ కారు ఆయిల్‌ని పాడు చేసేది ఎక్కువగా ఎండ కాదు. ఇంటికీ ఆఫీసుకీ మధ్య చిన్న దూరం.

దీన్ని మాటల్లో చెప్తే ఎవరూ నమ్మరు కాబట్టి ఆయిల్‌ని ల్యాబ్‌కి పంపించాం. ఇది అందరికీ అందుబాటులో ఉన్న పనే. ఫ్యాక్టరీల్లో జనరేటర్లు, కంప్రెసర్ల ఆయిల్ పరీక్షించే ల్యాబులు మన పారిశ్రామిక ప్రాంతాల్లో ఉన్నాయి, కారు ఆయిల్ కూడా తీసుకుంటారు. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడే డ్రెయిన్ బోల్టు విప్పి, మొదట వచ్చేది కొంచెం వదిలేసి, మధ్య ధార నుంచి శుభ్రమైన సీసాలో పట్టాలి. రిపోర్టులో నేను ముందు చూసింది 100 డిగ్రీల చిక్కదనం. కొత్తగా పోసినప్పుడు 13 పైన ఉండే ఆయిల్ 12.5 కిందికి దిగిపోయింది. అంటే 40 గ్రేడు ఆయిల్ 30 గ్రేడులోకి జారింది. పెట్రోలు కలిసిన శాతం కూడా ఎక్కువే ఉంది. ఇనుము, రాగి, సీసం తక్కువగా ఉన్నాయి, అంటే బేరింగులు బాగున్నాయి. పోర్షే పాత ఎం97 ఇంజన్లలో సిలిండర్ గోడల మీద గీతలు పడే సమస్య గురించి చదివి బావకి ఎప్పుడూ టెన్షన్. ఈ కారులో ఉన్నది ఆ తర్వాతి తరం ఇంజన్. అల్యూమినియం కూడా తక్కువే ఉందని రిపోర్టు చూపించాక ఆ రాత్రి ప్రశాంతంగా పడుకున్నారని అక్క చెప్పింది.

సిలికాన్ మాత్రం కొంచెం ఎక్కువ వచ్చింది. సిలికాన్ అంటే ఎక్కువసార్లు దుమ్ము. కోకాపేటలో ఎటు చూసినా టవర్ల పని నడుస్తోంది, రోడ్డు మీద ఇసుక లారీలే. ఎయిర్ ఫిల్టర్లు తీసి చూస్తే మడతల్లో బూడిద రంగు పొడి దట్టంగా ఉంది. కొత్తవి వేయించాం. ఎంత మంచి ఆయిల్ పోసినా ఇసుక లోపలికి వెళ్తుంటే దాన్ని ఆపలేదు, ఇది గుర్తు పెట్టుకోండి.

ఆ రిపోర్టు చూశాక బావ అలవాటు మార్చుకున్నారు. ఆఫీసుకి వేరే బండి. కేమన్ ఆదివారం తెల్లవారుజామున తీసి, నార్సింగి దగ్గర ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కుతారు. 158 కిలోమీటర్ల రోడ్డు, లిమిట్ 120. ఆ లిమిట్‌లోనే, ఆరో గేర్లో కాకుండా నాలుగు, ఐదుల్లో పెట్టి శంషాబాద్ దాకా పోయి వస్తే ఆయిల్ 95 దగ్గర స్థిరంగా కూర్చుంటుంది. ఒక్కోసారి వికారాబాద్ వైపు అనంతగిరి దాకా. కారు ఉన్నది అందుకే కదా.

టర్బో కార్ల వాళ్లు, అంటే స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్, బీఎండబ్ల్యూ ఎం340ఐ, పోర్షే 718 లాంటివి నడిపేవాళ్లు, ఇంకోటి చూడాలి. చిన్న టర్బో ఇంజన్లలో తక్కువ ఆర్‌పీఎం దగ్గర గట్టిగా తొక్కితే స్పార్కు కంటే ముందే పెట్రోలు అంటుకుని పిస్టన్లు పగిలిన కేసులు ఉన్నాయి. ఆయిల్‌లో ఉండే కాల్షియం దీన్ని పెంచుతుందని తేలాక, కొంత మెగ్నీషియం వైపు మార్చి కొత్త ఆయిల్స్ చేశారు. అమెరికా పెట్రోలియం సంస్థ ఏపీఐ ఇచ్చే నాణ్యత కోడ్‌లలో ఎస్‌ఎన్ ప్లస్ 2018లో, ఎస్‌పీ 2020లో వచ్చాయి. మీ కంపెనీ కోడ్‌తో పాటు ఎస్‌పీ కూడా ఉన్న ఆయిల్ దొరికితే అది తీసుకోండి. కొండ ఎక్కేటప్పుడు పెద్ద గేర్లో ఈడ్చకండి, ఒక గేరు దించండి.

విడిగా కలిపే అడిటివ్ డబ్బాలు నేను అమ్ముతాను, అడిగితే ఇస్తాను. కానీ అప్రూవల్ ఉన్న ఆయిల్‌లో అన్నీ కొలిచి కలిపి పెడతారు. జింకు, ఫాస్ఫరస్ ఉన్న జెడ్‌డీడీపీ అనే పదార్థం లోహం మీద పల్చటి రక్షణ పొర కడుతుంది. దానితోపాటు శుభ్రం చేసే పదార్థాలూ అదే లోహం మీద చోటు కోసం పోటీ పడతాయి. పైనుంచి ఇంకోటి పోస్తే ఆ లెక్క చెడుతుంది, ఫాస్ఫరస్ ఎక్కువైతే పొగని శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా పాడవుతుంది. బావకి ఒక్క డబ్బా కూడా ఇవ్వలేదు.

ట్రాక్‌కి తీసుకెళ్లే వాళ్ల సంగతి వేరు. పెద్ద ట్రాక్ అంటే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైకో, కోయంబత్తూరుకో పోతారు. అక్కడ ల్యాపు మీద ల్యాపు కొడితే ఆయిల్ 120 దాటొచ్చు. ఫోర్డ్ మస్టాంగ్ 5.0 వీ8ని చూడండి. మామూలు కారుకి 5డబ్ల్యూ-20 రాసిన కంపెనీయే, అదే కుటుంబం ఇంజన్‌తో ట్రాక్ కోసం చేసిన బాస్ 302కి 5డబ్ల్యూ-50 రాసింది. వాడకం మారితే ఆయిల్ మారింది, అదీ కంపెనీ చేతనే. మీకూ ట్రాక్ ఉంటే పుస్తకంలో ఆ పేజీ వెతకండి, ట్రాక్ నుంచి వచ్చిన వెంటనే ఆయిల్ మార్చేయండి.

చివరికి బావ కారులో ఏ40 అప్రూవల్ ఉన్న 0డబ్ల్యూ-40 పోశాం, కొత్త ఫిల్టర్, కొత్త డ్రెయిన్ వాషర్ వేసి. ఈ కారుకి డిప్‌స్టిక్ ఉండదు. సమంగా ఉన్న నేల మీద నిలిపి, ఇంజన్ వేడెక్కాక స్క్రీన్ మీదే లెవల్ చూడాలి. అందుకని చివరి అర లీటరు ఒక్కసారిగా పోయకుండా కొంచెం కొంచెంగా పోశాం. లెవల్ పైగీత దాటితే ఆయిల్ గాలితో కలిసి పొగై సైలెన్సర్ నుంచి వస్తుంది. ఏడాదికి ఒకసారి, లేదా 8,000 కిలోమీటర్లకి, ఏది ముందైతే అప్పుడు మార్చాలని అనుకున్నాం. కంపెనీ అంతకంటే ఎక్కువే ఇస్తుంది, కానీ మా రిపోర్టు ఎక్కువ వద్దంటోంది. ఓఆర్‌ఆర్ అలవాటు వచ్చాక తీసే తర్వాతి శాంపిల్‌లో చిక్కదనం 12.5 పైనే ఉంటే అప్పుడు గడువు పెంచడం గురించి మాట్లాడుకుంటాం. బావ తెచ్చిన 10డబ్ల్యూ-60 టిన్ను సీలు అప్పటికే తీసి ఉంది కాబట్టి అమ్మిన షాపు వాడు వెనక్కి తీసుకోలేదు. నాన్న దాన్ని సీసా పరీక్షలకని కౌంటర్ కింద పెట్టుకున్నారు.